నరసాపురం వెళ్తే గుమ్మాలు చూడండి

(ఊళ్ళు చూసే బృందం నరసాపురం బయల్దేరే ముందు రాజమండ్రిలో మాట్లాడింది, రికార్డింగ్ విని రాసుకున్నది)

అందరికీ నమస్కారమండి. వెనకాల వాళ్ళకి వినపడుతుందా? ఆ ఫ్యాను కొంచెం తగ్గించండి బాబూ, మైకులో గాలి తప్ప నా మాట వినపడట్లేదు. ఆ, ఇప్పుడు బాగుంది.

ఆదివారం మీరంతా నరసాపురం వెళ్తున్నారు, వెళ్ళేముందు ఆ ఊరి గురించి నాలుగు ముక్కలు చెప్పమన్నారు. ముందే చెప్పేస్తున్నానండి, అక్కడ కోట లేదు, మ్యూజియం లేదు, బస్సు దిగగానే సెల్ఫీ ఎక్కడ తీసుకోవాలి అని అడిగితే నా దగ్గర సమాధానం లేదు. గోదారి ఉంది, వశిష్ఠ పాయ, ఇంకాస్త కిందికి పోతే సముద్రమే. చుట్టూ వరి, కొబ్బరి, ఈమధ్య వరి తీసేసి తవ్విన చేపల చెరువులు, రొయ్యల చెరువులు. ఊళ్ళో లేసు వ్యాపారం. లేసు గురించి మీకందరికీ తెలిసిందే, వెళ్ళిన ఆడవాళ్ళు కొనకుండా ఎలాగూ రారు, దాన్ని వదిలేద్దాం. నేను చెప్పాలనుకున్నది కర్ర గురించి. కలప. ఆ ఊరు ఒకప్పుడు కర్ర మీద బతికింది, ఆ గుర్తులు ఇంకా ఇళ్ళల్లో ఉన్నాయి, ఏడాదికేడాదీ తగ్గిపోతున్నాయి, అందుకని చూసేదేదో ఇప్పుడే చూడండి అంటాను.

డెల్టాలో అడవి ఎక్కడుందండీ? ఎక్కడా లేదు. కోరంగి వైపు మడ అడవి ఉంది గానీ దాంతో ఇల్లు కట్టలేం. మనకున్నది ఒండ్రుమట్టి, ఆ మట్టిలో తాడి, కొబ్బరి, మామిడి, గట్ల మీద తుమ్మ. పాకకి తాటి దూలం సరిపోతుంది, పశువుల శాలకి సరిపోతుంది. మరి కోనసీమలో, పాలకొల్లులో, నరసాపురంలో ఆ మండువా లోగిళ్ళు, అదే నడిమధ్య ఆకాశం కనపడే పెంకుటిళ్ళు, ఒక మనిషి రెండు చేతులతో చుట్టి పట్టుకోలేనంత స్తంభాలు, ముప్ఫై అడుగుల దూలాలు, ఇవన్నీ టేకు. ఇక్కడ ఒక్క టేకు చెట్టు లేని చోట ఇంత టేకు ఎలా వచ్చిందీ అంటే గోదారి తెచ్చింది. రోడ్డు లేదు, రైలు లేదు, లారీ అనే మాటే లేదు, నది ఒక్కటే దారి. భద్రాచలం పైనుంచి, శబరి కలిసే కూనవరం వైపు నుంచి, ఇంకా పైన ఇంద్రావతి మీదుగా బస్తరు వైపు నుంచి కొట్టిన మాను నీళ్ళల్లో వేస్తే పాపికొండలు దాటి ఇక్కడికి వచ్చేది. భద్రాచలం, రేకపల్లి తాలూకాలు 1874 దాకా సెంట్రల్ ప్రావిన్సెస్ అని బ్రిటిషువాళ్ళ వేరే రాష్ట్రంలో ఉండేవి, ఆ ఏడాది మన గోదావరి జిల్లాలో కలిపారు, అంటే టేకు పెరిగే కొండలూ టేకు కొనే ఊళ్ళూ అప్పుడుగానీ ఒకే జిల్లా కిందికి రాలేదు, కానీ నదికి ఈ జిల్లా సరిహద్దులతో పనేముంది, అంతకుముందూ తెచ్చింది ఆ తర్వాతా తెచ్చింది.

నీళ్ళల్లో వేస్తే వచ్చేస్తుంది అని నేను తేలిగ్గా అనేశాను గానీ అంత తేలిక కాదండి. పచ్చి టేకు మాను నీళ్ళల్లో సరిగ్గా తేలదు, బరువు. అందుకని చెట్టు నిలబడి ఉండగానే మొదట్లో చుట్టూరా బెరడూ పైచెక్కా చెక్కేసి వదిలేస్తారు, రెండు మూడేళ్ళు అలా నిలువునా ఎండుతుంది, అప్పుడు కొడితే తేలుతుంది. నల్లమద్ది, ఏగిస లాంటివి ఎండినా మొండికేస్తాయి, వాటికి రెండు పక్కలా వెదురు కట్టలు కట్టాలి. వెదురుకి లోపల గాలి కాబట్టి అది మోస్తుంది. అలా దుంగల్ని పక్కపక్కన పేర్చి, అడవి తీగలతోనో తాళ్ళతోనో బిగించి, తెప్ప కట్టి, పైన ఇద్దరో ముగ్గురో గడలు పట్టుకుని, అక్కడే వండుకుని అక్కడే పడుకుని దిగొచ్చేవాళ్ళు. వరద ఉధృతంగా ఉన్నప్పుడు తెప్ప వదలరు, మరీ ఎండాకాలం ఇసక మేట్లు తేలితే తెప్ప నడవదు. వరద తీసి, నీళ్ళు ఇంకా నిండుగా ఉన్న రోజులే సీజన్. దసరా, దీపావళి అయ్యాక రేవులు దుంగలతో నిండిపోయేవని మా ఇంట్లో పెద్దవాళ్ళు చెప్పేవాళ్ళు.

తెప్ప విడిపోతే? విడిపోయేవి. వరదకి ముందే నరికి ఒడ్డున పడేసిన మానులు కూడా కొట్టుకొచ్చేవి. గోదారి గట్టున పుట్టినవాళ్ళకి ఇది చెప్పక్కర్లేదు, ఎర్రనీళ్ళు రాగానే నాటు పడవలేసుకుని, కొక్కేలూ తాళ్ళూ పట్టుకుని దుంగలు పట్టడానికి పోయే కుర్రాళ్ళు ప్రతి లంకలోనూ ఉంటారు, 1986 వరదలోనూ ఉన్నారు, మొన్న 2022 జులైలోనూ ఉన్నారు. ప్రాణాలకి తెగించే పని అది, నేనేమీ మెచ్చుకోవట్లేదు. అయితే ఆ దుంగ ఎవరిది అనేది పెద్ద తగువు. 1882లో మద్రాసు అటవీ చట్టం వచ్చినప్పుడు దాన్లో దీనికోసమే నిబంధనలు పెట్టారు, నీళ్ళల్లో కొట్టుకొచ్చిన కలప, ఫలానావాళ్ళదని రుజువయ్యేదాకా సర్కారుదే. అందుకే వ్యాపారస్తులు దుంగ చివర ముద్ర సుత్తితో కొట్టేవాళ్ళు, ఒక్కో యజమానికి ఒక్కో గుర్తు. దుంగ పట్టినవాడు మొదట చేసే పని ఏంటో ఊహించండి, ఆ చివర నాలుగు అంగుళాలు కోసి పొయ్యిలో పెట్టడం! (నవ్వులు) నవ్వుతున్నారు గానీ ఇక్కడ కూర్చున్నవాళ్ళల్లో కొందరి తాతలు ఆ పని చేసే ఉంటారు, మా తాత చెయ్యలేదని నేను కూడా గ్యారంటీ ఇవ్వలేను.

సరే, నరసాపురానికి వద్దాం. మీరు మాధవాయిపాలెం రేవులో పంటు, అదే మనుషుల్నీ బళ్ళనీ దాటించే పెద్ద పడవ, ఎక్కుతారు కదా, అవతలి ఒడ్డు సఖినేటిపల్లికి దాటడానికి. ఆ మాధవాయిపాలెంలోనే 1600లలో ఇంగ్లీషు కంపెనీ వాళ్ళు వ్యాపారం పెట్టారు, పక్కన పాలకొల్లులో డచ్చివాళ్ళు. బట్టల కోసం వచ్చారు, అది వేరే కథ. కానీ ఓడలు ఇక్కడే కట్టించుకున్నారు. థామస్ బౌరీ అని ఒక ఇంగ్లీషు నావికుడు, 1669కీ 1679కీ మధ్య ఈ తీరంలో తిరిగాడు, ఏం రాశాడంటే ఇక్కడ బాగా పెరిగిన మేలైన కలప కావలసినంత దొరుకుతుంది, ఈ తీరంలోకెల్లా మంచి ఇనుము ఇక్కడుంది, మేకులూ లంగర్లూ ఏదైనా సరే స్థానికులు నేర్పుగా చేస్తారు, ఏటా ఇంగ్లీషు వర్తకులు ఇక్కడ ఓడలు కట్టించుకుంటారు, ఓడని నీళ్ళల్లోకి దింపడంలో ఇక్కడివాళ్ళకున్న ఒడుపు ప్రపంచంలో తను చూసిన ఎవరికీ తీసిపోదు అని. ఆలోచించండి, మన వడ్రంగీ మన కమ్మరీ. వాళ్ళ పేర్లు ఒక్కటి కూడా మిగల్లేదు, కంపెనీ గుమస్తాల పేర్లు మాత్రం చిట్టాల్లో భద్రంగా ఉన్నాయి.

టేకుకే ఎందుకు పడిచచ్చారంటే ఒక కారణముంది. టేకులో సహజంగా నూనె ఉంటది, లోపలికి దిగిన ఇనప మేకుని తుప్పు పట్టనివ్వదు. వాళ్ళ దేశం ఓకు కర్ర అలా కాదు, మేకుని తినేస్తుంది. ఉప్పునీళ్ళల్లో తిరిగే ఓడకి అదెంత లాభమో మీరే లెక్కేసుకోండి. తర్వాత్తర్వాత వశిష్ఠ మొగ దగ్గర, అంటే పాయ సముద్రంలో కలిసే చోట, ఇసక మేటలేసింది, ఓడలు పెద్దవైపోయాయి, ఇక్కడ పని తగ్గింది. అటు గౌతమి మొగలో కోరంగి కూడా అలాంటి ఓడల ఊరే, 1839 తుఫాను దాన్ని తుడిచిపెట్టేసింది. ఇప్పటికీ తాళ్ళరేవు వైపు వెళ్తే చెక్క బోట్లు కట్టేవాళ్ళు కనిపిస్తారు, అది ఇంకో ఆదివారం పెట్టుకోండి.

ఇక కాటన్ దొర. ఆయన గురించి మాట్లాడకుండా గోదారి జిల్లాలో మైకు వదిలితే ఊరుకోరు. 1847లో మొదలెట్టి 1852కి ధవళేశ్వరం ఆనకట్ట పూర్తిచేశారు, పన్నెండు అడుగుల ఎత్తు, దాంతో వరి వచ్చింది, అది అందరూ చెప్తారు. నేను చెప్పేది కాలవల సంగతి. ఆ కాలవలు నీళ్ళ కోసం ఎంతో పడవల కోసమూ అంతే. అందుకే లాకులు కట్టారు. లాకు అంటే ఇప్పటి పిల్లలకి బస్సు స్టాపు పేరు, (నవ్వులు) అసలు సంగతి ఏంటంటే ఎగువ నీళ్ళూ దిగువ నీళ్ళూ ఒక మట్టంలో ఉండవు కదా, మధ్యలో రెండు తలుపుల గది, పడవని లోపలికి తీసుకుని వెనక తలుపు మూసి నీళ్ళు వదిలితే పడవ మెల్లిగా కిందికి దిగుతుంది, అప్పుడు ముందు తలుపు తీస్తారు. కలప కూడా అలాగే దిగి, విజ్జేశ్వరం దగ్గర పశ్చిమ డెల్టా కాలవలు పట్టుకుని ఊరూరికీ వెళ్ళింది. అంతకుముందు టేకు నది ఒడ్డు ఊళ్ళకే, కాలవ వచ్చాక లోపల పొలాల మధ్య ఉన్న ఊళ్ళకీ అందింది. వరి మీద డబ్బు వచ్చింది, కాలవ మీద కర్ర వచ్చింది, రెండూ ఒకే కాలవ. పెద్ద మండువా ఇళ్ళు ఎక్కువగా ఆనకట్ట తర్వాతవే అయ్యాయంటే అందులో ఆశ్చర్యం లేదు. ఆ తర్వాత 1900లో మన హేవ్‌లాక్ బ్రిడ్జి మీద రైళ్ళు నడవడం మొదలైంది, కర్ర వ్యాపారం పెద్ద తలకాయలు రాజమండ్రిలో స్థిరపడ్డాయి, నరసాపురం లాంటి ఊళ్ళకి అడితీలు, అంటే కలప కొట్లు, మిగిలాయి.

అడితీ గురించి నాకు కొంచెం తెలుసు, మా నాన్న ఒక అడితీలో గుమస్తా. ఆయన పనల్లా టేపు పట్టుకుని కొలవడం, చిట్టా రాయడం. దుంగ కొలిచే పద్ధతి చెప్తాను, ఎందుకంటే ఇది స్కూల్లో చెప్పరు. దుంగ మధ్యలో చుట్టుకొలత తీసుకుంటారు. దాన్ని నాలుగుతో భాగిస్తారు, వచ్చినదాన్ని దానితోనే గుణిస్తారు, పొడవుతో గుణిస్తారు, అంతే ఘనపుటడుగులు. ఉదాహరణకి అయిదడుగుల చుట్టుకొలత, పదడుగుల పొడవు. అయిదుని నాలుగుతో భాగిస్తే ఒకటింపావు, దాన్ని దానితో గుణించి పది పెడితే పదిహేనున్నర పైచిలుకు. అసలు గుండ్రం లెక్క ప్రకారం వేస్తే ఇరవైకి దగ్గర రావాలి. మరి ఆ నాలుగుంపావు ఏమైంది? కోతలో పోయే పొట్టు, పైన పాలచెక్క, బెరడు, ఇవి కొన్నవాడికి ఎలాగూ పనికిరావు కాబట్టి లెక్కలోంచి ముందే తీసేసినట్టు. మోసం కాదండి, మర్యాద. ఇప్పటికీ చాలా డిపోల్లో ఇదే లెక్క. నేను డిగ్రీలో చేరినప్పుడు పై ఆర్ స్క్వేర్ తీసుకెళ్ళి మా నాన్నతో వాదించాను, ఆయన చిట్టా నా ముందు పడేసి నీ లెక్క ప్రకారం అమ్మితే రేపట్నించి కొట్టుకి ఎవడూ రాడు, నీ ఫీజు ఎవడు కడతాడు అన్నాడు, ఆ మాటతో వాదన అయిపోయింది.

ఇప్పుడు మీరు వెళ్ళాక ఏం చూడాలి. పాత వీధుల్లో నడవండి, ఎండెక్కక ముందే. అరుగులున్న ఇల్లు కనపడితే ఆగండి. ఇంట్లో పెద్దావిడ ఉంటే అమ్మా గుమ్మం చూడొచ్చా అని అడగండి, మన వైపు కాదనరు, మంచినీళ్ళిచ్చి మీదే ఊరు, ఎవరి తాలూకా అని మొదలెడతారు, దానికి మాత్రం ఒక పావుగంట పక్కన పెట్టుకోండి. ద్వారబంధం మందం చూడండి, అయిదారంగుళాలు ఉంటుంది, ఇప్పుడు మనం వేసేది మూడంగుళాలు. గడప దగ్గర పసుపు పొరలు పొరలుగా ఉంటుంది, దాని పక్కన, రంగు వెయ్యని చోట, చెయ్యి పెట్టి రుద్దితే కొంచెం జిడ్డు తగులుతుంది, వందేళ్ళ తర్వాత కూడా. ఎక్కడన్నా బీట వారిన చోట ముక్కు పెట్టి చూస్తే తోలు వాసనలాంటిది వస్తుంది, అది టేకు వాసన. తర్వాత తల పైకెత్తి దూలాలు చూడండి. కొన్నిటికి ఒక చివర బెజ్జం పెట్టి మళ్ళీ చెక్క బిరడా కొట్టి పూడ్చినట్టు గుండ్రటి మచ్చ ఉంటుంది. తెప్పలో తాడు దూర్చడానికి పెట్టిన బెజ్జం అది అని మా నాన్న చూపించేవాడు. పని చేయించుకునే ఆసామి ఆ చివర కోసి పారెయ్యమంటే, వడ్రంగి అడుగు పొడవు ఎందుకు పోగొట్టుకుంటారండీ, నేను పూడుస్తాను అని పూడ్చిపెట్టాడు. అది కనపడిందంటే ఆ దూలం నీళ్ళ మీద వచ్చిందన్నమాట.

రెండో సంగతి కొంచెం ఇబ్బందైనది. మీరు వెళ్ళే దారిలోనే, సిద్ధాంతం బ్రిడ్జి దాటి పెనుగొండ, మార్టేరు మీదుగా పాలకొల్లు పోతారు కదా, ఆ రోడ్డు పక్కన అక్కడక్కడా పాత తలుపులు, స్తంభాలు, కిటికీలు గోడకి చేరేసి పెట్టి ఉంటాయి. పాత కలప కొట్లు. మండువా ఇల్లు పడగొట్టినవాళ్ళ దగ్గర మొత్తం మాట్లాడుకుని కొంటారు, పెంకు కూడా లెక్కే. అందులో మంచి స్తంభాలు, నగిషీ ఉన్న ద్వారబంధాలు హైదరాబాదు ఫామ్ హౌసులకీ, బెంగుళూరు రిసార్టులకీ పోతున్నాయి. నూటయాభై ఏళ్ళ కింద కొండల్లోంచి దిగొచ్చిన కర్ర ఇప్పుడు లారీ ఎక్కి మళ్ళీ పైకి పోతుంది. దీని మీద మన వాళ్ళు ఫేసుబుక్కులో ఏడుస్తుంటారు, సంస్కృతి పోయింది, వారసత్వం పోయింది అని. నాకు ఆ ఏడుపు అంత నచ్చదు. మండువాలో వాన పడుతుంటే కనపడే అందం చుట్టానికి, బట్టలు ఆరేసుకోలేక, పెంకు సర్దే పనివాడు దొరక్క, అన్నదమ్ములు నలుగురికీ వాటాలు తేలక చచ్చేది ఇంటివాళ్ళు. వాళ్ళని నిలదీసే హక్కు అమెరికాలో ఉన్న మనవడికి లేదు, ఒక్కరోజు చూసిపోయే మనకసలే లేదు. నేను కోరేది చిన్నది, అమ్మే ముందు ఫొటోలు తియ్యండి, దూలాలు కొలిచి రాసుకోండి, ముద్రలు ఏమైనా ఉంటే తెల్ల కాయితం పెట్టి పెన్సిలుతో రుద్ది అచ్చు తీసుకోండి. ఆ పని మాత్రం మీలాంటివాళ్ళు చెయ్యొచ్చు, ఆదివారం పెన్సిళ్ళు పట్టుకెళ్ళండి.

పంటు ఎక్కాక, మోటారు సైకిళ్ళూ ఆటోలూ మనుషులూ కొబ్బరికాయలూ అన్నీ ఒకే పంటులో, అవతల దిగి అంతర్వేది వెళ్తారు. అక్కడ బ్రిడ్జి రావాలని ఎప్పట్నించో అడుగుతున్నారు, శంకుస్థాపనలు అయితే అయ్యాయి. (నవ్వులు) అంతర్వేదిలో స్వామి దర్శనం అయ్యాక రథం చూడండి. పాత రథం 2020 సెప్టెంబరులో కాలిపోయింది, ఎంత గొడవైందో మీకు గుర్తే. కొత్త రథం నెలల్లో తయారుచేసి 2021 ఫిబ్రవరికి, కల్యాణం ఉత్సవాలకి సిద్ధం చేశారు. నలభై అడుగుల పైన ఎత్తు. దాని టేకు ఎక్కడిది? బస్తరు టేకు. రావులపాలెం టింబరు డిపోలో కొన్నారు. అంటే అవే కొండలు, అదే గోదారి జిల్లా, మధ్యలో దారి మాత్రం రోడ్డు. రథం చక్రాల దగ్గర కూర్చుని ఒకసారి చూడండి, కొత్త టేకు రంగు ఎలా ఉంటుందో, పొద్దున నరసాపురంలో చూసిన గుమ్మం రంగు ఎలా ఉందో.

పులస చేప గురించి ఎవరో చీటీ పంపారు. అయ్యా, పులస వరద నీళ్ళ రోజుల్లో, ఇప్పుడు కాదు. ఇప్పుడు ఎవరైనా పులస అని పెడితే తినండి గానీ పులస రేటు ఇవ్వకండి.

ఇంకో ప్రశ్న, ఆ అమ్మాయి చెయ్యెత్తింది, చెప్పమ్మా. ఆ, పాత టేకు కొనొచ్చా, మోసపోతామా అని. కొనొచ్చమ్మా, కొత్తదానికంటే నయం, వందేళ్ళు ఎండిన కర్ర కాబట్టి ఇంక వంకర పోదు. రంగు చూసి కొనకు, పాతదనిపించడానికి రంగు పూస్తారు, ఒక మూల ఉలితో గీయించి లోపల చేవ, అదే గట్టి కర్ర, ఎంతుందో చూసుకో. పెద్ద దూలం కొంటే రంపపు మిల్లుకి పంపేముందు మేకులన్నీ పీకించు. పైకి కనపడవు, చెప్పాను కదా టేకులో తుప్పు పట్టవు, లోపల ఎప్పుడో మీ ముత్తాత కాలంలో కొట్టిన మేకు అలాగే ఉంటుంది, బ్లేడు దానికి తగిలి పళ్ళు ఎగిరిపోతాయి, మిల్లువాడు ఆ బ్లేడు డబ్బులు నీ దగ్గరే వసూలు చేస్తాడు. అయస్కాంతం ముక్క ఒకటి పట్టుకెళ్తే చాలు, దూలం పొడుగునా రాసుకుంటూ పో, మేకున్న చోట లాగుతుంది, సుద్దతో గుర్తు పెట్టి వడ్రంగికి చూపించు. ఉంటానండి, టీ వచ్చినట్టుంది.